స్నానం చేయించడానికి మనుషులు కావాలి

రాగ్న్‌హిల్డ్ టోఫ్ట్‌కు కోపమెక్కువని ఊరంతా అనుకునేది. ఆ మాట ఆమె కూడా కాదనేది కాదు. డెన్మార్క్ పడమటి తీరంలో, ఇసుక దిబ్బల వెనక ఉన్న వృద్ధాశ్రమానికి ఆమె పెద్ద. మతిమరుపు ముదిరి, ఇంట్లో ఉంచుకోలేని స్థితికి వచ్చినవాళ్లను అక్కడ చేర్చేవారు. వయసులో ఉండగా దుప్పట్లు మార్చే పనికి చేరి, మధ్యలో నర్సు చదువు చదివి, మళ్లీ అక్కడికే వచ్చింది. ముసలివాళ్ల మీద ఆమె గొంతు లేవడం ఎవరూ వినలేదు. ఆ కోపమంతా మిగతా లోకం మీదే.

ఆ ఏడు చలి మొదలయ్యేసరికి ఇద్దరు పనివాళ్లు వెళ్లిపోయారు. ఒకామె నడుం పట్టేసి మానేసింది. ఇంకొకామె భర్త ఉద్యోగం వెంట ఆర్‌హుస్ నగరానికి పోయింది. మిగిలినవాళ్లు తమ పనీ వాళ్ల పనీ కలిపి చేస్తున్నారు. అందరిలోకీ పాతదైన కార్లా కాఫీ కప్పు చేతిలో ఉండగానే కూర్చుని నిద్రపోయేది.

ఆశ్రమ సంఘానికి అధ్యక్షుడు ప్రెబెన్. ఫర్నిచర్ దుకాణం నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. "ప్రకటన సంగతి నాకొదిలెయ్, రాగ్న్‌హిల్డ్. మా మేనల్లుడు కోపెన్‌హాగెన్‌లో ఇదే పని చేస్తున్నాడు," అన్నాడు.

మేనల్లుడు చేసిన ప్రకటనలో సముద్రం ఉంది. అలల మీద పలకెక్కి జారుతున్న పిల్ల ఉంది. 'అలల ఊరికి రండి! నవ్వుల కుటుంబంలో చేరండి!' అన్న అక్షరాలున్నాయి. ముసలివాళ్లు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

దరఖాస్తులు వెల్లువెత్తాయి. ప్రెబెన్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. రాగ్న్‌హిల్డ్ ఒక్కొక్కటీ చదువుతూ నెత్తి కొట్టుకుంది. ఒకడు తన అలల పలక ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు. ఒకామె తనకు చిన్నప్పటి నుంచి చెప్పులంటే ప్రాణమని రాసింది. చెప్పుల దుకాణానికి రాసిన ఉత్తరాన్నే ఇక్కడికీ పంపేసిందన్నమాట. ఇంకొకాయన నిజాయితీపరుడు. 'దరఖాస్తులు పెట్టకపోతే నిరుద్యోగ భృతి ఆపేస్తారు. అందుకే పంపుతున్నాను. దయచేసి పిలవకండి' అని రాశాడు.

పిలిచినవాళ్లలో సగం మంది రానే లేదు. వచ్చినవాళ్లలో ఒకామె పొద్దున పనిలోకి దిగి, స్నానాల గది చూసి, మధ్యాహ్నం రొట్టె తినడానికని వెళ్లి మళ్లీ కనపడలేదు. ఆమె కట్టుకున్న ఏప్రాను సైకిళ్ల షెడ్డులో దొరికింది.

"ఇంతమంది వచ్చారుగా! ఒక్కళ్లూ నచ్చలేదా?" అన్నాడు ప్రెబెన్.

"వచ్చినవాళ్లు సముద్రం కోసం వచ్చారయ్యా! ఈ గోల చదవడానికే నాకు పొద్దంతా సరిపోతోంది. అవతల కార్లా ఒక్కతే నలుగుర్ని లేపి కూర్చోబెడుతోంది."

"మరి నువ్వే రాయి, చూద్దాం."

"రాస్తాను!"

ఒళ్లు మండుతుండగా రాసింది. సంఘంలో ఎవరికీ చూపించలేదు. మర్నాటి ఊరి పత్రికలో అచ్చయింది.

'వృద్ధాశ్రమంలో పని. మలమూత్రాలు శుభ్రం చేయాలి. వాళ్లు కొడతారు, తిడతారు, ఉమ్ముతారు. వారం విడిచి వారం శని, ఆదివారాలు రావాలి. చేతకానివాళ్లు దరఖాస్తు పెట్టి నా టైము పాడుచెయ్యొద్దు.'

దరఖాస్తులు ఆగిపోయాయి. వాటికి బదులు బెనెడిక్టె వచ్చింది. ఆమె తండ్రి వాల్డెమార్ ఒకప్పుడు పెద్ద ఓడలను రేవులోకి తెచ్చే పైలట్. ఇప్పుడు ఆశ్రమంలో ఉంటున్నాడు. బెనెడిక్టె పత్రికను బల్లమీద విసిరికొట్టింది.

"కొడతాడు, ఉమ్ముతాడు. మా నాన్న గురించేనా ఇది? ఊళ్లో అందరికీ తెలుసు ఇక్కడ కొట్టేది ఎవరో. రొట్టెల దుకాణంలో నా మొహం చూసి మాట మార్చేశారు!"

రాగ్న్‌హిల్డ్ జవాబు సిద్ధం చేసుకునే ఉంది. పనివాళ్ల చేతుల మీద కమిలిన మచ్చలు చూపించి, ఇది అబద్ధమా అని అడుగుదామనుకుంది. కానీ బెనెడిక్టె ఆ ప్రకటన కనపడకుండా పత్రికను మడిచి బోర్లించింది. దాంతో రాగ్న్‌హిల్డ్ ఆ మచ్చల మాట ఎత్తలేదు.

"తప్పు రాశాను. కోపంలో రాశాను. కానీ అసలు దాచిపెడితే వచ్చినవాళ్లు మధ్యాహ్నానికల్లా పారిపోతున్నారు. నేనేం చెయ్యాలో మీరే చెప్పండి."

బెనెడిక్టె కిటికీ దగ్గరికి నడిచింది.

"ఆయన ఊరికే కొట్టడు. నీళ్లు మీద పడేసరికి పడవలోంచి జారిపోతున్నాననుకుంటాడు. అది రాయలేకపోయారా?" అంది.

అది ప్రకటనలో రాయొచ్చని రాగ్న్‌హిల్డ్‌కు ఎన్నడూ తట్టలేదు. బెనెడిక్టెను కూర్చోబెట్టి కాఫీ పోసింది. కార్లానూ పిలిచింది.

"కార్లా, నువ్వెందుకు మానెయ్యలేదు?"

"ఇప్పుడా అడగడం? మానేద్దామనే ఉన్నాను."

"ఇన్నేళ్లూ ఎందుకున్నావంటున్నా."

కార్లా కళ్లు నులుముకుంది. "ఎవర్నీ ఒంటరిగా ఒదిలెయ్యవు నువ్వు. దెబ్బ తగిలిన రోజు ఎవరో ఒకళ్లు నా పని అందుకుంటారు. ఏ రోజు రావాలో నెల ముందే తెలుస్తుంది. ఆ పైన... వాల్డెమార్ హుషారుగా ఉన్న రోజున నన్ను ఓడ కెప్టెననుకుని సెల్యూట్ కొడతాడు. అది నాకిష్టం."

బెనెడిక్టెకు కళ్లు చెమర్చినా నవ్వొచ్చింది.

ముగ్గురూ కలిసి కొత్త ప్రకటన రాశారు. సగం మాటల దగ్గర పోట్లాడుకున్నారు. 'ఉమ్ముతారు' అన్నది బెనెడిక్టె కొట్టేయించింది. శని, ఆదివారాల సంగతి ఉండాల్సిందేనని రాగ్న్‌హిల్డ్ పట్టుబట్టింది. 'మతిమరుపుతో ఉన్నవారికి స్నానం చేయించి, తినిపించి, తోడుండే పని. వారం విడిచి వారం శని, ఆదివారాలు రావాలి. భయపడ్డప్పుడు కొందరు చెయ్యెత్తుతారు. అప్పుడేం చెయ్యాలో నేర్పుతాం, ఎవర్నీ ఒంటరిగా వదలం. చేరేముందు ఒక పొద్దుట వచ్చి మాతో ఉండి చూడండి. ఉత్తరం రాయకండి, ఫోను చెయ్యండి. రాగ్న్‌హిల్డ్ స్వయంగా తీస్తుంది.'

"బొమ్మ లేదే! దీనికెవరొస్తారు?" అన్నాడు ప్రెబెన్.

"రాకపోతే నువ్వొచ్చి స్నానాలు చేయించు," అంది రాగ్న్‌హిల్డ్.

ఫోన్లు కొద్దిగానే వచ్చాయి. ఒకటి ఆస్గేర్ అనే ఆయనది. చేపల పడవ మీద వంట చేసేవాడు, యజమాని పడవను అమ్మేశాక ఖాళీగా ఉన్నాడు. జీతమెంతో అడగకముందే, "ఆ చెయ్యెత్తేవాళ్లు ఎదురుగా వచ్చి పిలిచి ముట్టుకున్నా భయపడతారా? వెనక నుంచి వస్తేనేనా?" అని అడిగాడు.

రాగ్న్‌హిల్డ్ నిలబడి మాట్లాడుతున్నదల్లా కుర్చీలో కూర్చుంది. ఇన్ని వారాల్లో పని గురించి ఆమెను ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే.

ఇంకొకటి లోనె అనే ఆమెది. బడి ఈడు పిల్లలున్నారు కాబట్టి సాయంత్రాలు రాలేనని ముందే చెప్పేసింది. "చెప్పారు, సంతోషం. పొద్దుటి పనే ఇస్తాను," అంది రాగ్న్‌హిల్డ్.

ఆస్గేర్ చూడ్డానికి వచ్చిన పొద్దుటే, కార్లా వాల్డెమార్‌కు స్నానం చేయిస్తుంటే సాయం పట్టబోయి ఆయన చేతిలో దెబ్బ తిన్నాడు. చెవి ఎర్రగా కమిలి బయటికొచ్చాడు. నడవలో రాగ్న్‌హిల్డ్ ఈయనా పోయాడనుకుంది.

"కాఫీ ఉందా?" అన్నాడు ఆస్గేర్. తాగి, కప్పు కడిగి, కార్లా వైపు తిరిగాడు. "ఇందాక ఆయన భుజాల మీద టవల్ ఎప్పుడు కప్పారు? నీళ్లు పొయ్యకముందా? మళ్లీ చూపించండి."

ఇద్దరూ చేరారు. లోనె పిల్లలకు జ్వరాలొచ్చి వసంతంలో మానేసింది. దాంతో ఆ ఖాళీ మళ్లీ రాగ్న్‌హిల్డ్ నెత్తిమీదకొచ్చింది. ఆస్గేర్ ఉండిపోయాడు. శుక్రవారాలు ఆయన చేపల పులుసు వండుతానని పొయ్యి ఆక్రమించడంతో వంటగది వాళ్లతో తగాదాలు కూడా మొదలయ్యాయి.

సంఘం ఏడాది సమావేశంలో, కొత్త తరహా ప్రకటన తన ఆలోచనేనని ప్రెబెన్ గొప్పగా చెప్పుకున్నాడు. రాగ్న్‌హిల్డ్ లేచి నిలబడింది. వెనక వరసలోంచి బెనెడిక్టె ఆమె స్వెట్టరు పట్టి లాగింది.

"కూర్చోండి. ఇప్పుడు మొదలుపెట్టారంటే కాఫీ చల్లారిపోతుంది."

రాగ్న్‌హిల్డ్ పళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. ఆ రోజు కార్లా సమావేశానికి రాలేదు. సెలవు దొరికిందని ఇంట్లో హాయిగా పడుకుంది.