వింటి కొనకు పెట్టిన తెల్లముక్క

ఈ ఉదయం నా దగ్గర విలువిద్య నేర్చుకునే అమ్మాయి విల్లు బాగు చేస్తూ కొనకు ఆకురాయి పెట్టగానే వెంట్రుక కాలినట్టు వాసన వచ్చింది. గేదె కొమ్మును అరగదీస్తే వచ్చే వాసన అది. ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం రాఘవయ్య మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నట్టు అనిపించింది. ఆయన మా ఊరివారే. రోజూ బస్సులో బెజవాడ వచ్చి, భవానీపురంలో కృష్ణ ఒడ్డున మాకు విలువిద్య నేర్పేవారు. మా ఊరి రామమందిరంలో భజనకూ ఆయనే ముందుండేవారు. బాణం వదలడం ఎవరైనా నేర్పుతారు. చేతిలో ఉన్నదేమిటో తెలిశాకే నోరు తెరవడం నాకు ఆయన నేర్పారు.

నారి రాసుకుని కర్ర కోసుకుపోకుండా పాత విల్లుల కొనలకు గట్టి ముక్కలు అతికిస్తారు. మాస్టారు అలాంటివి టిఫిన్ డబ్బాలో తెచ్చి మా ముందు కుమ్మరించేవారు.

"ఇదేంటో చెప్పమ్మా."

"కొమ్మండి."

"చూసి చెప్పావా, పక్కపిల్ల అంటే నువ్వూ అన్నావా?"

అందరూ నవ్వేవారు. అప్పుడు ఎండలోకి తీసుకెళ్లి భూతద్దం ఇచ్చేవారు. కొమ్ములో దారాలు పక్కపక్కన పరిచినట్టు పొరలుంటాయి. పలచటి అంచుల్లోంచి వెలుతురు కనిపిస్తుంది. ఎముకలో సూదిపోట్ల లాంటి నల్లచుక్కలుంటాయి. దంతంలో సన్నటి గీతలు వల అల్లినట్టు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి.

ఆ చదువు మా ఇంటి దాకా వచ్చింది. వయసులో ఉన్నప్పుడు పెద్ద జబ్బు చేసి బతికిన మా తాతయ్య, మొక్కు తీర్చుకోవడానికి స్వామికి ఒక విల్లు సమర్పించాడు. వన్ టౌన్‌లో ఎవరో దంతమని అమ్మిన తెల్లముక్కలు కొని కొనలకు పెట్టించాడు. నవమి ఊరేగింపులో పల్లకి ముందు దాన్ని మోసేది ఆయనే. తర్వాత అది గర్భాలయంలో స్వామి పక్కన ఉండేది. ఊరంతా దంతపు విల్లు అని దణ్ణం పెట్టుకునేది. నేను కాలేజీలో చేరిన ఏడాది మందిరానికి వచ్చిన కొత్త సెక్రటరీకి భయం పట్టుకుంది.

"నిజంగా ఏనుగు దంతమైతే ఫారెస్టోళ్లతో తలనొప్పండి. నవమిలోపు మీరే తేల్చాలి మాస్టారూ."

మాస్టారు విల్లును ముందు వసారాలో ఎండలోకి తెచ్చి చాలాసేపు చూశారు. పక్కనే ఉన్న నాకు భూతద్దం ఇచ్చారు. ముక్క నిండా నల్లచుక్కలే. ఎముక. అది స్వామి సన్నిధిలో ఉండకూడదని అక్కడున్నవాళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మాతో వచ్చిన నాన్న మాస్టారి చెయ్యి పట్టుకున్నారు.

"కొమ్మని ఒక్క మాట అనండి మాస్టారూ. తెల్లకొమ్ము ఉండదా ఏంటి? పెద్దాయన తట్టుకోలేడండి."

"ఆ మాట స్వామికి ఎదురుగా నుంచుని అనాలి కదండీ."

"అయితే సాయంత్రం భజనలో అందరికీ చెప్పేద్దాం" అన్నాడు సెక్రటరీ.

"ముందు ఇచ్చినాయనకి తెలియాలి" అని మాస్టారు చెప్పులేసుకున్నారు.

మేం వెళ్లేసరికి తాతయ్య గొడ్లచావిట్లో కుడితి కలుపుతున్నాడు.

"బాబాయిగారూ, అది దంతం కాదండి. ఎముక."

తాతయ్య చెయ్యి కుడితిలోనే ఆగిపోయింది. "సరిగ్గా చూశావా రాఘవయ్యా?"

"ఎండలో చూశానండి. మీ మనవరాలూ చూసింది."

తాతయ్య నావైపు చూశాడు. నేను తలూపాను.

"అయితే ఇన్నేళ్లూ స్వామికి ఎముకిచ్చానా?"

"మీరు దంతమనుకునే ఇచ్చారు. ఆయన పుచ్చుకున్నదీ అదే. ఇవాళ తెలిసింది గనక ఇవాళ మార్చాలి."

ఎన్నో ప్రవచనాలు విన్నాను. భక్తి గురించి నేను నమ్మేదంతా ఆ రెండు మూడు మాటల్లోనే ఉంది. తెలియక ఇచ్చినదాన్ని దేవుడు మనసు చూసి తీసుకుంటాడు. తెలిశాక దాచిపెడితే మాత్రం అది పూజ కాదు.

తాతయ్య మళ్లీ కుడితి కలపసాగాడు. మాస్టారు వెళ్లిపోలేదు. తెల్లబట్టలతోనే కుడితి తొట్టి పక్కన గొంతుక్కూర్చున్నారు. చివరికి తాతయ్య లేచి చేతులు కడుక్కుని, చూరులో దాచిన ఒక నల్లకొమ్ము తీశాడు. తను పెంచిన గేదె చనిపోతే గుర్తుగా ఉంచుకున్నాడు.

"దీన్నీ చూడు. మళ్లీ ఇంకేదో అంటావేమో."

"దీని పాలు తాగానండి. భూతద్దం అక్కర్లేదు."

తాతయ్యకు నవ్వొచ్చింది, కళ్లు తుడుచుకుంటూనే. అభిషేకానికి నీళ్లు పోసే శృంగి కూడా కొమ్మే కదా, దోషం లేదన్నారు పూజారిగారు. పాత ముక్కల్ని తాతయ్యే కోసి తీశాడు. కొత్తవి మాస్టారూ నేనూ చెక్కాం. సాయంత్రం భజనలో మైకు కూడా తాతయ్యే అడిగి తీసుకున్నాడు.

"నేను దంతమని ఇచ్చింది ఎముకంట. ఇప్పుడు పెట్టింది మా గేదె కొమ్ము."

"గోత్రం కూడా చెప్పు పెదనాన్నా" అన్నారెవరో వెనకనుంచి. మందిరమంతా నవ్వింది. నవమి నాడు నల్లకొనల విల్లు పట్టుకుని పల్లకి ముందు నడిచింది తాతయ్యే.

ఇప్పుడు మాస్టారూ లేరు, తాతయ్యా లేడు. పాత విల్లులు నా దగ్గరికి తెస్తుంటారు, పెద్దలు దంతమన్నారనో దుప్పికొమ్మన్నారనో గొప్పగా చెబుతూ. ఎండలోకి తీసుకెళ్లి చూస్తాను. కనిపించినదాన్ని ఎవరి సంతోషం కోసమూ మార్చి చెప్పను. నలుగురిలో మాత్రం అనను. అది నమ్ముకున్న పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లింటికి వెళ్లి, పక్కన కూర్చుని చెబుతాను. చెప్పాక వెంటనే లేచి రాను.