దేవుడికీ చెప్పని చిరునామా

నెల్లిమర్ల చర్చిలో ఏసమ్మగారి ప్రార్థన సైనిక రహస్యాలను కాపాడే ప్రార్థన. కొడుకు ఫిన్నీ సరిహద్దుకు వెళ్తూ, "అమ్మా, నేనెక్కడున్నానో ఎవరికీ సెప్పకు" అన్నాడు. ఆ 'ఎవరికీ'లో ఆవిడ దేవుణ్ణి కూడా చేర్చింది. ముసుగు సవరించుకుని, మోకరించి, "ప్రభువా, ఆడున్న సోటు నీకు తెలుసు, నేను సెప్పకూడదు" అని మొదలెడుతుంది. వారంగా వాడి దగ్గర్నుంచి ఫోను రాలేదు. ఆవిడకు ముద్ద దిగడం లేదు, కంటికి కునుకు లేదు. ఈ ఆదివారం ప్రార్థన మధ్యలో, రొండిన దోపిన ఫోను మోగింది. పాస్టరుగారంతటివారు ఒక కన్ను తెరిచారు.

"ఒరే ఫిన్నీ! బాగున్నావేటి? తిన్నావా?"

సంఘమంతా మోకాళ్ల మీదే చెవులు రిక్కించింది. మాట్లాడి, కళ్లు తుడుచుకుని, ఆవిడ మళ్లీ చేతులు జోడించింది.

"ప్రభువా, ఆడు బాగున్నాడట. వారం బట్టి నీకూ నిద్దర్లేదు పాపం. ఎల్లి కాసేపు నడుం వాల్చు."