ఖాజా చాచాకు నేనిచ్చిన గాలి హక్కు

నా గొప్పలు వినాలని కూర్చున్నవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు. మానవ హక్కులు కాపాడబోయి, సొంత అక్క పెళ్లిగాజులకు నేను పట్టించిన గతి చెప్పబోతున్నాను.

తొంభైల నాటి సంగతి. రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. బలమైన దేశాలు హక్కుల పేరు చెప్పి బలహీన దేశాల మీద ఎలా పెత్తనం చేస్తాయో మాదన్నపేట మార్కెట్లో వంకాయలు ఏరుతూ కూడా వివరించేవాణ్ణి. వంకాయలమ్మే ఆవిడ నన్ను చూడగానే గబగబా తూచి పంపించేసేది.

ఎల్లుండి పెళ్లనగా, సరళక్క చేతి కొలతకు లక్కగాజులు చేయించడానికి చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ వెళ్లాం. దుకాణం ముందు గాజులు చేసే ఖాజా చాచా బొగ్గుల కుంపటి దగ్గర కూర్చుని, లక్కను కాచి, సాగదీసి, గాజులా చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు అద్దుతున్నాడు. ముఖమంతా చెమట. ఫ్యాను లేదు! కుంపటి మీది లక్క కంటే ముందు నా రక్తం మరిగింది.

"సేట్, ఈయనకు ఫ్యాను ఎందుకు పెట్టలేదు? గాలి మనిషి జన్మహక్కు!" అని దుకాణం యజమానిని నిలదీశాను.

"ఫ్యాన్ గిట్ల పెడితే కామ్ నడవది భాయ్."

"పెత్తందార్లంతా చెప్పే మాటే ఇది!"

"ఒరేయ్, నా గాజులు అయ్యేదాకా నోరు మూసుకోరా," అంది అక్క.

చాచా ఏదో చెప్పబోయాడు. "మీరు భయపడకండి చాచా, మీ తరఫున నేను మాట్లాడతాను," అని ఆయన్ని ఆపేశాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

మర్నాడు గాజులు తేవడానికి మా ఇంటి టేబుల్ ఫ్యాను చంకలో పెట్టుకుని బయల్దేరాను. ఆ రోజు మాదన్నపేట నుంచి కదిలిన అగ్రరాజ్యాన్ని నేనే. సేట్ నమాజుకు వెళ్లాడు. చేసిన గాజులు పళ్లెంలో ఆరుతున్నాయి, చాచా ఆఖరి జత మీద ఉన్నాడు. పక్క దుకాణంలో ప్లగ్గు అడిగి, "ఇదిగో చాచా, మీ స్వేచ్ఛ!" అంటూ మూడో నంబరుకు తిప్పాను.

"అరే, బంద్ జేయ్!" అని అరిచాడు చాచా.

స్వేచ్ఛ అప్పటికే వచ్చేసింది. నిప్పురవ్వలు లేచాయి, బూడిద లేచింది, గాజులకద్దే మెరుపుల చమ్కీ డబ్బా ఎగిరింది. చాచా చేతిలోని లక్క సగం చుట్టులోనే బిగుసుకుని కొక్కెంలా నిలబడింది. ఆరని గాజులన్నీ బూడిద పూసుకున్నాయి. అప్పుడే తిరిగొచ్చిన సేట్ గడ్డం చమ్కీతో పెళ్లికొడుకు షేర్వానీలా మెరిసింది.

"లక్కకు గాలి తాకితే బిగుసుకపోతది బేటా. ఫ్యాన్ వద్దని సేట్‌కు నేనే చెప్పిన," అన్నాడు చాచా.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పనిచ్చినవా నువ్వు?"

అక్క బోసి చేతులు తలుచుకుంటే ఏడుపొచ్చింది. "రేపే పెళ్లి చాచా!"

"ఫికర్ జేయకు. కూసో. నువ్వు లక్క పిసుకు, నేను గాజులు జేస్త."

సాయంత్రం దాకా ఆ కుంపటి ముందు, ఫ్యాను లేకుండా, లక్క పిసికాను. గాజులు అయిపోయాక నీరసంగా అడిగాను: "అసలు మీకేం కావాలి చాచా?"

"ఇప్పుడడిగినవ్! నేను అన్నం తినేటప్పుడు గిరాకీ వచ్చి లేపొద్దు. గంతే."

"గంతేనా?" అన్నాడు సేట్ చమ్కీ దులుపుకుంటూ. మర్నాటి నుంచే మధ్యాహ్నం అరగంట దుకాణానికి పర్దా దించడం మొదలుపెట్టాడు.

పెళ్లయిన వారానికి, గాజులు అందరూ మెచ్చుకున్నారని చెబుదామని లడ్డూల పొట్లంతో సంతోషంగా పరుగెత్తాను. దించి ఉన్న పర్దా ఎత్తాను. లోపల చాచా, చేతిలో అన్నం ముద్దతో, నన్నే చూస్తున్నాడు.

ఆ లడ్డూల సాక్షిగా ఒట్టేశాను: ఇక మీదట ఎవరినీ అడక్కుండా విముక్తి చేయను. అడగాల్సి వచ్చినా, భోజనం అయ్యేదాకా ఆగుతాను.