నిలబడితే వచ్చే వణుకు

చల్లపల్లిలో మా వీధివాళ్ళు మా అన్న కరీముల్లా గురించి చెప్పుకునే కథలో ఈమధ్య జిన్నులు కూడా చేరాయి. జరిగింది అది కాదు. కళ్ళారా చూసినవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం కాబట్టి, చూసింది చూసినట్టు రాసిపెడుతున్నాను. నేను బడిలో చదివింది తక్కువే. కానీ మా గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం చదివినవాణ్ణి. దయ్యాలను ఏనాడూ నమ్మలేదు.

భాయ్‌కి నడిస్తే ఏమీ ఉండేది కాదు, కూర్చున్నా ఉండేది కాదు. కదలకుండా నిలబడితే మాత్రం రెండు కాళ్ళూ సన్నగా వణికేవి. పడిపోతానని భయం. మసీదులో వరసలో నిలబడలేక వెనక కుర్చీలో కూర్చుని నమాజు చదివేవాడు.

"ఏరా కరీమూ, అప్పుడే ముసలాడివయ్యావా?" అనేవాడు సుభాన్ మామ.

"కుర్చీ వెచ్చగా ఉంచుతున్నా మామూ, రేపు నీకే కావాలి" అని నవ్వేవాడు భాయ్. ఇంటికొచ్చాక మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక, విజయవాడలో నరాల డాక్టరమ్మ నాగమణి గారు భాయ్‌ని నిలబెట్టి, పిక్క మీద స్టెతస్కోపు పెట్టి నాకూ వినిపించారు. ఎక్కడో దూరాన హెలికాప్టర్ తిరుగుతున్నట్టుంది. అరుదైన జబ్బు, మందులకు లొంగలేదు. కోత లేకుండా తల వెనక అయస్కాంతపు చుట్ట ఆనించి మెదడును తట్టే కొత్త వైద్యం చేసి చూద్దామన్నారు. తగ్గినా కాసేపేనని ముందే చెప్పారు. అదెలా పనిచేస్తుందో బస్సులో దారిపొడవునా, మాతో వచ్చిన మా అమ్మకు, అమ్మీకి వివరించాను. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

వెళ్ళిన ప్రతిసారీ చుట్ట టకటకమనేది. ఆ తర్వాత కాసేపు భాయ్ నిలకడగా నిలబడేవాడు. బస్టాండుకు చేరేసరికి మళ్ళీ మొదలు.

మా ఇళ్ళలో పెద్దవాళ్ళు బిడ్డ తల చుట్టూ చేతులు తిప్పి, వేళ్ళను తమ కణతలకు నొక్కి మెటికలు విరుస్తారు. బిడ్డ కష్టం తమకు రావాలని. చుట్ట తీయగానే అమ్మీ ప్రతిసారీ అలా చేసేది.

"నా మిషన్ కంటే మీదే పాతదండీ" అన్నారు డాక్టరమ్మ.

"నాదానికి కరెంటక్కర్లేదమ్మా" అంది అమ్మీ.

ఆ వేసవిలో అమ్మీ నిద్రలోనే పోయింది. భాయ్ వైద్యానికి వెళ్ళి అప్పటికి నెల దాటింది. పాతిపెట్టే ముందు శవం ఎదుట చేసే జనాజా నమాజు మొదటి నుంచి చివరిదాకా నిలబడే చదవాలి. పెద్దకొడుకుగా తానే ముందు నిలబడి చదివిస్తానన్నాడు భాయ్.

"చేతకాకపోతే బలవంతం లేదు బాబూ" అన్నారు ఇమాం సాబ్.

"అమ్మీ కోసం ఈ ఒక్కసారి నిలబడతానండీ."

నేను మొదటి వరసలో, సరిగ్గా అతని వెనకే ఉన్నాను. నా చూపంతా అతని కాళ్ళ మీదే. వణకలేదు. అతనికి అవతల అడ్డంగా దించిన అమ్మీ పాడె మీద మల్లెపూల చాదర్ ఉంది. దాని అంచు వణుకుతోంది. సన్నగా, ఆగకుండా. పక్కనున్న కొబ్బరిచెట్టులో ఆకు కదల్లేదు. రోడ్డు మీద లారీ లేదు. భాయ్ సలాం చెప్పి నమాజు ముగించగానే పూలు ఆగిపోయాయి. పక్కనున్న సుభాన్ మామ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అతనూ చూశాడు.

సమాధి దగ్గర భాయ్ నిలబడి మట్టి వేస్తుంటే, మూడో గుప్పెడికి కాళ్ళు మళ్ళీ వణికాయి. తొడ మీద చెయ్యి వేసుకుని, "అమ్మీ వెళ్ళిపోయిందిరా" అని అక్కడే కూర్చుండిపోయాడు.

పెద్ద దుఃఖంలో వణుకు కాసేపు ఆగినా ఆగవచ్చన్నారు డాక్టరమ్మ. సరే, ఒప్పుకుంటాను. మరి పూలో? గ్రంథాలయంలో ఆ సైన్సు బీరువా మళ్ళీ మొదటి నుంచి తిరగేశాను.

నాగమణి గారికి, ఇమాం రహంతుల్లా సాబ్‌కు, గ్రంథాలయం వెంకటేశ్వర్లు గారికి, తాను చూసింది రాయమన్న సుభాన్ మామకు, రాయనిచ్చిన భాయ్‌కి నా కృతజ్ఞతలు. ఆ రోజు భాయ్‌ని నిలబెట్టింది ఎవరో నాకు తెలియదు. అయినా చివరి కృతజ్ఞత మా అమ్మీ మస్తాన్‌బీకి.