పదకొండో పలక

అమ్మ మీద ఒట్టు వేయమని మాత్రం అడగొద్దు. మన దగ్గర ఎవరైనా నిజం చెబుతున్నారంటే ముందు వచ్చేది ఆ ఒట్టే. నాకు అమ్మ లేదు. ఇంకెవరి మీద వేయమంటారు... కాబట్టి ఒట్టు లేకుండానే చెబుతాను. జరిగింది జరిగినట్టు. నమ్మితే నమ్మండి, లేకపోతే అటు తిరిగి పడుకోండి. మధ్యలో ఎవరైనా నవ్వారో, అక్కడితో ఆపేస్తాను.

అప్పుడు నేను మార్కాపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. ప్రసాద్ అని నా క్లాస్‌మేట్ ఒకడు ఉండేవాడు. గిద్దలూరులో వాళ్ళ నాయనకు కిరాణా దుకాణం. వాడి దగ్గర మంచి ఫోన్ ఉండేది. ఆ ఒక్క అర్హతతో వాడే కెమెరామన్, వాడే డైరెక్టర్. పాట మాత్రం నాది. రాసింది నేనే, పాడింది నేనే. నాలుగు నిమిషాల పాట. అమ్మ మీద రాశాను. దాన్ని వీడియో తీసి కాలేజీ వార్షికోత్సవంలో తెర మీద వేయించాలని మా ఇద్దరి ఆశ.

మా అమ్మ పలకల షెడ్డులో పనిచేసేది. తర్లుపాడు రోడ్డులో. చిన్నప్పుడు మీరు అక్షరాలు దిద్దిన నల్ల పలక ఉంటుందే, అదే. కోసిన పలకలు దొంతరగా ముందు పెట్టుకుని కూర్చునేది. ఒక్కోటి అంచు పట్టుకుని ఎత్తేది. వేలి ముడితో ఒకసారి తట్టేది. ణంగుమని మోగిందా, మంచిది. డబ్బుమందా, లోపల ఎక్కడో చీలిక ఉన్నట్టు. కంటికి కనపడదు. అనుమానం వస్తే రెండోసారి తట్టేది. అప్పటికీ మోగకపోతే తీసి గోడకు ఆనించేది. మెల్లగా, పసిపిల్లను కూర్చోబెట్టినట్టు. నేను బడి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేవాణ్ణి. నా పాటకు తాళం కూడా ఆ చప్పుడే.

ఇంటర్‌కి నన్ను గిద్దలూరు హాస్టల్లో వేశారు. రెండో సంవత్సరంలో అమ్మ పోయింది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నారు. కబురు అంది, నేను రైలెక్కి వచ్చేసరికి... అంతా అయిపోయింది. ముందురోజు ఫోన్ చేసింది. మెస్సులో కూర బాగుంటోందా అని అడిగింది. బాగుందమ్మా అని, వెనక ఎవరో పిలుస్తున్నారని చెప్పి పెట్టేశాను. ఎవరూ పిలవలేదు. క్రికెట్ చూడాలి, అంతే.

ఆమె పని చేస్తుండగా తీసిన ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. పెళ్ళి ఫోటో ఉంది, ఆధార్ కార్డు ఫోటో ఉంది. ఆ రెండిట్లోనూ మా అమ్మ లేదు. పలక తట్టి, చెవి కొంచెం వంచి వినే మనిషి మా అమ్మ. ఆ మనిషిని ఒక్క క్షణం తెర మీద చూడాలి. వీడియో తీయాలన్న నా పట్టుదల అంతా దానికోసమే.

ఆ షెడ్డు అప్పటికి మూతపడి ఉంది. ఓనరును అడిగితే, "వాడుకోండి నాయనా, నాకేం ఇయ్యనవసరం లేదు. బీడీలు సిగరెట్లు మాత్రం తాగబాకండి" అన్నాడు. లోపల ఒక మూల చట్రాలు బిగించని పలకలు కొన్ని మిగిలి ఉన్నాయి. వాటి మీదే మా ప్లానింగ్. కాగితాలిస్తే ప్రసాద్ గాడు పారేసుకుంటాడు. అందుకని ఒక షాట్‌కు ఒక పలక. సుద్దముక్కతో బొమ్మ గీయడం, పైన నంబరు వేయడం, నేల మీద వరసగా పేర్చడం. షాట్ వెనక్కీ ముందుకీ జరపాలంటే పలక జరిపితే చాలు. మొత్తం పద్దెనిమిది. వాడి బొమ్మలన్నీ కాకుల్లా ఉండేవి. హీరో కూడా కాకే.

పదకొండో పలక నేను గీశాను. అమ్మ షాట్. వెనక నుంచి, కూర్చుని పలక తడుతూ. అమ్మ పక్కన పనిచేసిన లక్ష్మి చిన్నమ్మ, అమ్మ చీర కట్టుకుని కూర్చోవడానికి ఒప్పుకుంది.

పైకప్పులో ఒక రేకు ఊడిపోయి ఉంది. తెల్లవారుజామున అందులోంచి తొలి వెలుగు ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. లైట్లు అద్దెకు తెచ్చే స్తోమత మాకు లేదు, సూర్యుణ్ణే నమ్ముకున్నాం. అందుకే ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. ఎండాకాలం. లోపల ఉక్క. తలుపు బయట అరుగు మీద చాప వేశాం. పడుకునే ముందు గొడవ మొదలైంది.

"ఆ పదకొండోది తీసేద్దాంరా. చిన్నమ్మ కొంచెం లావు. వీపు చూస్తేనే తెలిసిపోతాది" అన్నాడు ప్రసాద్.

"నా పాటరా అది. ఆ షాట్ లేకపోతే ఇంక తీసేదెందుకు?"

"నేనేమన్నా మీ అమ్మను వద్దంటున్నానా? మీ అమ్మ కాని ఆమెను వద్దంటున్నా."

నాకు ఒళ్ళు మండింది.

"ఇంటికి పోతే నీకు అన్నం పెట్టే అమ్మ ఉంది. నువ్వెన్నైనా చెప్తావు" అన్నాను.

చెరో పక్కకు తిరిగి పడుకున్నాం.

ఎప్పుడు మెలకువ వచ్చిందో తెలియదు. చంద్రుడు లేడు. దూరంగా గూడ్సు బండి పోతున్న చప్పుడు... అది సన్నబడి, సన్నబడి... ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. కీచురాయి కూడా లేదు. పక్కన ప్రసాద్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

అప్పుడు లోపల...

ణంగ్.

ఎలుక అనుకున్నాను. రేకు వదులై ఉంటుంది అనుకున్నాను.

ణంగ్.

కొంచెం ఆగి... మళ్ళీ ణంగ్.

మీరు గాలి అంటారు. గాలికి తీరు ఉండదు. దీనికి తీరు ఉంది. ముందు నేల మీద రాయి గీసుకున్న సన్నటి చప్పుడు... అది ఎత్తడం. ఒక్క క్షణం ఏమీ ఉండదు. తర్వాత మోత. ఆ మోత పూర్తిగా ఆరేదాకా ఆగి... కింద పెట్టడం. నాలుగోది విన్నాక నాకు తెలిసిపోయింది. ఆ ఆగడం నాకు తెలుసు. ఎనిమిదేళ్ళు ఆ చప్పుడు పక్కన కూర్చుని లెక్కలు చేసినవాణ్ణి.

నాకు భయం వేయలేదు. నిజం. ఒళ్ళంతా ఏదో చల్లగా, హాయిగా అయింది. కళ్ళు మూసుకున్నాను. లెక్కపెట్టాను. ఏడు... ఎనిమిది... తొమ్మిది... పది...

డబ్.

ఊపిరి బిగబట్టాను.

చాలాసేపు ఏమీ లేదు.

డబ్... మళ్ళీ.

పలక అంచు నేల మీద జరిగింది. మెల్లగా. గోడకు ఆనుకుంది.

ఆ తర్వాత మిగతా ఏడూ మోగాయి. ఒక్కోటీ. తొందర లేకుండా. చివరిదాని మోత ఆరిపోయింది. అప్పుడు వినిపించింది... చీర దులుపుకున్న చప్పుడు. పని అయిపోగానే అమ్మ ముందు చేసేది అదే. దుమ్ము దులుపుకుని, తలుపు దాటి బయటికొచ్చేది. ఆ తలుపు సరిగ్గా నా తల దగ్గర ఉంది.

భయం అప్పుడు వేసింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ప్రసాద్ చొక్కా పట్టుకుని లాగాను. ఇద్దరం చెప్పులు కూడా లేకుండా రోడ్డు దాకా పరిగెత్తాం. వెనక్కి తిరిగి చూడలేదు.

మూసి ఉన్న టీ బంకు ముందు కూలబడ్డాం. వాడు రొప్పుతున్నాడు.

"ఏందిరా? పాము వచ్చిందా?"

"కాదు."

"మరి ఏంది?"

"లోపల ఎవరో ఉన్నారు" అన్నాను.

ఎవరో... మా అమ్మను నేను ఎవరో అన్నాను. అది అమ్మే అయితే, మూడేళ్ళ తర్వాత వచ్చిన మనిషిని చూసి కొడుకు పారిపోయాడన్నమాట. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు అన్నం దిగదు.

తెల్లవారాక వెళ్ళాం. తొలి వెలుగు నేల మీద పడుతోంది. పదిహేడు పలకలు వరసలో ఉన్నాయి. పదకొండో చోటు ఖాళీ. ఆ పలక గోడకు ఆనించి ఉంది. తీసి తట్టాను. డబ్బుమంది. తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా చీలిక కనపడలేదు.

ప్రసాద్ మొహం పాలిపోయింది. "నువ్వే నిద్దట్లో లేచి తట్టినావేమోరా. నీ చేతులు చూసుకో" అన్నాడు.

చూసుకున్నాను. వేళ్ళ నిండా బూడిదరంగు దుమ్ము. కానీ పడుకునేదాకా పలకలు మోసినవాళ్ళం, వాడి చేతులూ అలాగే ఉన్నాయి. గొడవ పడ్డాం కదా, వాడే తీసి పెట్టి ఉండొచ్చు. అదే అడిగాను.

"మా అమ్మ మీద ఒట్టురా. నేను ముట్టుకోలేదు" అన్నాడు. చేతులు చొక్కాకు తుడుచుకుని, "ఆ షాట్ పెడదాంలేరా. చిన్నమ్మనే కూచోబెడదాం. నేనే బాగా తీస్తా" అన్నాడు.

ఇప్పుడు వద్దన్నది నేను. ఎందుకని వాడు అడగలేదు. పలకలో చీలిక ఉందని తీసేసిందో, తన చోట ఇంకొకరు కూర్చోవడం ఇష్టం లేక తీసేసిందో... అసలు ఎవరు తీశారో. ఏదైనా సరే, దాన్ని మళ్ళీ వరసలో పెట్టడానికి నాకు చేతులు రాలేదు. పదిహేడు షాట్లతోనే వీడియో తీశాం. కాలేజీలో బాగుందన్నారు, చప్పట్లు కొట్టారు. నేను చూడాలనుకున్న మనిషి మాత్రం అందులో లేదు.

ఆ తర్వాత ఒక్కణ్ణే వెళ్ళాను. ఒకసారి కాదు, చాలాసార్లు. పలకలు పేర్చి, అదే అరుగు మీద, అదే తలుపు దగ్గర తల పెట్టి పడుకున్నాను. ఈసారి పరిగెత్తకూడదు అనుకుంటూ. దోమలు కుట్టాయి. కుక్కలు అరిచాయి. లోపల ఏ చప్పుడూ లేదు.

నాయనకు చాలా రోజులు చెప్పలేదు. గొడ్ల కొట్టంలో పని చేసుకుని బతికే మనిషి, ఇలాంటివి నమ్మడు. ఒకరోజు భోజనాలయ్యాక నోరు జారింది. మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"దగ్గిందా?" అన్నాడు.

"ఏంది నాయనా?"

"మీ అమ్మ. పలకలు తట్టేటప్పుడు మధ్యలో ఏమన్నా దగ్గిందా?"

చివరి ఏడాది రాత్రుళ్ళు ఆమె పక్కన ఉన్నది నాయనే. నేను హాస్టల్లో ఉన్నాను. నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు.

"లేదు నాయనా. ఒక్కసారి కూడా దగ్గలా."

నాయన తల ఊపాడు. "సరే పో, పడుకో" అన్నాడు.

ఆ రాత్రి లోపల ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో... నాకు ఇప్పటికీ తెలియదు. కానీ నాయనకు నేను అబద్ధం చెప్పలేదు. పద్దెనిమిది పలకలూ విన్నాను, మధ్యలో ఆగిన ప్రతి క్షణమూ విన్నాను. దగ్గు లేదు.