రెండు వేళ్ళ సాయం

పోర్ట్ బ్లెయిర్ తీరాన మా మిన్నీ బేలో ఉదయం పూట ఏ డింగీ పడవ ఇంజనైనా మూడుసార్లు దగ్గి, నాలుగోసారి అందుకుని, డీజిల్ పొగను మా వరండాలోకి పంపిస్తే మా ఆవిడ కిటికీలు మూస్తుంది. నేను తెరుస్తాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మా మధ్య మిగిలిన అభిప్రాయభేదం ఇదొక్కటేనని చెప్పను గాని, ముఖ్యమైనది ఇదే. నాకది అప్పన్న మావ వాసన. డింగీలో ఆయన పక్కన కూర్చుంటే మనిషికీ ఇంజనుకీ తేడా తెలిసేది కాదు. ఇద్దరిదీ అదే దగ్గు, అదే ఓపిక.

అప్పన్న మావ మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి, మా ఇంటికి రెండిళ్ళ అవతల స్థిరపడ్డ జాలరి. డిగ్రీ పూర్తిచేసి పోర్ట్ బ్లెయిర్‌లో గుమాస్తాగా చేరిన కొత్తలో, నా చదువు అయిపోయిందనే అపోహ నాకుండేది. సెలవు రోజుల్లో నన్ను సముద్రం మీదికి తీసుకెళ్ళి ఆయన దాన్ని నిదానంగా పోగొట్టాడు. గాలం దారాన్ని చూపుడు వేలి మీద ఆనించి పట్టుకోమనేవాడు. "కళ్ళు మూసుకో బాబూ. కింద ఏటి జరుగుతుందో ఏలికి తెలుస్తాది. కంటికేటి తెలుసు?" ఆరు నెలలకు నా వేలికి తెలిసిందల్లా, తెగిన చోట ఉప్పునీరు మండుతుందని.

ఆ రోజుల్లోనే ఊళ్ళో చేపల సరదా ఉన్నవాళ్ళు కొందరు కలిసి, శని ఆదివారాల్లో లోతు సముద్రంలో గాలం పోటీ పెట్టారు. నేనూ, బడిపంతులుగా చేస్తున్న నా స్నేహితుడు డేనియలూ పేర్లిచ్చాం. డింగీ అప్పన్న మావది. కప్పు తెస్తున్నానని ఆఫీసంతా చాటి, ఫైళ్ళ బీరువా మీద దానికి చోటు కూడా ఖాళీ చేశాను. ఆ బీరువా మీద దుమ్ము తుడవడం అదే మొదటిసారి. పోటీకి ఒక్క నిబంధన గట్టిగా చెప్పారు: పడవ నడిపే మనిషి దారం ముట్టుకోకూడదు. అది విని అప్పన్న మావ తల ఊపాడు. "అంటే, వంట తెలిసినోడు పొయ్యికాడికి రాకూడదన్నమాట."

శనివారం మేం రెండు మంచి చేపల్ని పోగొట్టుకుంటుంటే ఆయన చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆదివారం ఆరాధన మానేసి వచ్చినందుకు డేనియల్ పడవలోనే కీర్తన ఎత్తుకున్నాడు. "అరే భయ్యా, ఆపు," అన్నాడు అప్పన్న మావ. "సేపలు కూడా గుడికెల్లిపోతన్నాయి."

మధ్యాహ్నం దాటాక నా గాలానికి పెద్ద కోనాం చేప పడింది. అరగంట పెనుగులాడి పక్కకు తెచ్చేసరికి అది డింగీ కిందికి దూరింది. దారం ఇంజను పంకా వైపు జారింది. ఒక్క క్షణం. అప్పన్న మావ రెండు వేళ్ళతో దారాన్ని పంకా నుంచి ఎత్తి వదిలేశాడు. డేనియల్ కొక్కెం వేసి చేపను పైకి లాగాడు. మేమిద్దరం గంతులు వేస్తుంటే, ఆయన తన వేళ్ళను ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు.

"సెయ్యి ఏసీసేను బాబూ. కాయితం మీద రాసీయాల."

"రాసేస్తాలే మావా," అన్నాను.

జెట్టీ మీద చేపను తూచి, ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చారు. పడవ మనిషి దారం ముట్టుకోలేదని అందులో ఒక వాక్యం. నేను కింద సంతకం పెట్టాను. అప్పన్న మావ చదువుకోలేదు. "రాసేవా?" అని అడిగాడు. "రాశాను," అన్నాను. కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషు అంత సాఫీగా ఎప్పుడూ ఉపయోగపడలేదు. ఆయన కాగితం వైపు కూడా చూడకుండా వేలిముద్ర వేశాడు.

సాయంత్రం కప్పు మాదేనని ప్రకటించారు. అక్కడితో ఊరుకోకుండా, దారం మీద చెయ్యి వెయ్యకుండా నిగ్రహించుకున్న పడవ మనిషిని మైకులో హిందీలో పొగిడారు. హిందీ ఆయనకు నాకంటే బాగా వచ్చు. నావైపు ఒకసారి చూసి లేచాడు.

"సాబ్, హమ్ దో ఉంగ్లీ లగాయా," అన్నాడు. రెండు వేళ్ళు పెట్టానని. ఆపైన, "బాబూకో మాలూమ్ నహీ," అన్నాడు. నాకు తెలియదని.

ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. దాన్ని అంతమంది ముందు చెప్పాడు.

కప్పు వేరే పడవకు వెళ్ళింది, చేప మా దగ్గరే మిగిలింది. మిన్నీ బే ఒడ్డున దాన్ని కోసి వాటాలు వేశాడు. "తలకాయ నువ్వట్టుకెల్లు బాబూ. అమ్మని పులుసెట్టమను." అంతే. క్షమించమని మూడు భాషల్లో సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ బయటికి రాలేదు. రేపు చెబుదాం అనుకుంటూ చాలా ఏళ్ళు గడిపాను. ఆ తర్వాత వినడానికి ఆయన లేడు.

ఇప్పటికీ ఆఫీసు కౌంటరు దగ్గర చదువురాని వాళ్ళు ఎవరైనా కాగితం తెస్తే, వేలిముద్ర వేయించే ముందు మొదటి అక్షరం నుంచి చివరి దాకా వాళ్ళ భాషలో చెప్పి వినిపిస్తాను. వెనక క్యూలో వాళ్ళు "భయ్యా, జల్దీ" అని గొణుగుతారు. మా సెక్షన్‌లో నాకు రేడియో అని పేరు. అంతా అయ్యాక ఆ మనిషి తల ఎత్తి, "అంతేనా బాబూ?" అని అడుగుతాడు. అంతేనని చెప్పే ముందు కాగితాన్ని మరొక్కసారి చూసుకుంటాను.