పెద్దావిడకిచ్చిన సీటు

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మాస్టర్స్ చదువుతూ ఓ ప్రైవేటు రైలు కంపెనీలో పార్ట్‌టైమ్ చేశాను. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. సర్కారు రైల్వే వదిలేసిన పాత పెట్టెలకు రంగేసి, బెర్లిన్ దాకా చవగ్గా నడిపేవాళ్లు. ఒకసారి దివాలా తీసింది, ఇంకెవరో కొన్నారు. హమ్మయ్య, కుదురుకుంది అనుకునేలోగా కరోనా వచ్చింది. రైళ్లన్నీ షెడ్డుకెళ్లాయి.

వేసవిలో మళ్లీ మొదలెట్టినప్పుడు కొత్త రూలు పెట్టారు. ఎవరు ఏ సీట్లో కూర్చున్నారో ఫోన్ నంబరుతో సహా లిస్టు ఉండాలి. ఎవరికైనా కరోనా అని తర్వాత తేలితే, పక్క సీటువాళ్లను హెచ్చరించడానికి అదొక్కటే ఆధారం. ఆ లిస్టు నా బాధ్యత.

ఒకరోజు కరీంనగర్ జంట చిన్నపాపతో ఎక్కారు. తల్లీ పాపా ఒక చోట, తండ్రి రెండు వరసల వెనక. నాన్న కావాలని పాప ఒకటే ఏడుపు. "అక్కా, జర అడ్జస్ట్ చేయిస్తరా?" అంది తల్లి. అప్పట్లో తెలుగు చెవిన పడితే చాలు, నాకు ప్రాణం లేచొచ్చేది. వాళ్ల పక్కనున్న జర్మన్ పెద్దావిడని అడిగాను. దానికేముందని నవ్వి, సంచి తీసుకుని తండ్రి సీట్లోకి వెళ్లింది. పాప "డాంకె" అని జర్మన్‌లో థాంక్స్ చెప్పింది. మన రైళ్లలో ఇదెంత మామూలు! లిస్టు దిద్దాలని నాకు తట్టనే లేదు.

నాలుగు రోజులకు, ఆ మారిన సీట్లో ఆవిడ పక్కన కూర్చున్నాయనకు పాజిటివ్ వచ్చింది. లిస్టు ప్రకారం ఫోను పాప తండ్రికెళ్లింది. ఎందుకొచ్చిన గొడవని సీటు మారిన సంగతి ఆయనా చెప్పలేదు కాబోలు. పెద్దావిడకు ఎవరూ ఫోను చేయలేదు.

"ఎవరైనా సీటు మారారా?" అని మేనేజర్ అడిగాడు.

"లేదు" అన్నాను. ఛీ, ఎంత తేలిగ్గా అన్నానో! ఆ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది, పొడిగించరేమోనని భయం.

పొడిగించారు. కంపెనీ కూడా బతికి బట్టకట్టింది. ఇప్పటికీ ఆ రైలెక్కితే, నెరిసిన జుట్టు కనిపించిన ప్రతి సీటు దగ్గరికీ వెళ్లి మొహం చూసొస్తాను. ఆవిడ కాదు. ఎప్పుడూ కాదు.

ఇంతకంటే చెప్పుకోలేనిది ఇంకోటుంది. కొన్ని వారాలయ్యాక లిస్టులు నాశనం చేయాలని రూలు. కాగితాలు ముక్కలు చేసే మిషన్ ముందు నిలబడి ఆవిడ నంబరు రెండుసార్లు చదివాను. నా ఫోను జేబులోనే ఉంది. కాగితం మిషన్లో పెట్టాను.